నల్లరంగు డబ్బా వెతక్కు

పిచ్చుకా,

పాలు కాచి మూత పెట్టాను, లేవగానే తాగు. కళ్ళ డాక్టరు మళ్ళీ రమ్మన్నాడని మీ నాన్నతో వెళ్తున్నాను. నువ్వు బాత్రూములో దాచుకున్న నల్లరంగు డబ్బా నా సంచిలో ఉంది. ఇల్లంతా వెతక్కు.

నా సాధింపు పడలేకే జుట్టు మళ్ళీ నల్లగా చేసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. రెండు నెలలుగా "ఆ పచ్చజుట్టేమిటే, నలుగురూ నవ్వరూ!" అని నీ ప్రాణం తీసిన మాట నిజమే. కానీ నాకు కనిపించిందెక్కడ? శుక్లాలు కమ్మిన కళ్ళకి అన్నీ బూడిదరంగే. మీ అమ్మ చెబితే విని తిట్టాను.

నిన్న కట్టు విప్పి డాక్టరు "ఏం కనిపిస్తోంది పెద్దాయనా?" అన్నాడు. ఎదురుగా నువ్వు. "చిలకపచ్చ!" అని అరిచేశాను. నర్సులంతా ఒకటే నవ్వు. నువ్వేమో బిక్కమొహం వేశావు. తిట్టాననుకున్నావు కాబోలు. సంతోషం పట్టలేక అరిచానే తల్లీ. భలే ఉంది.

తాతయ్య

ఇంకోమాట. ఎడమ చెవి వెనక బొటనవేలంత మేర రంగు అంటలేదు. నలభై ఏళ్ళు దుకాణాల బోర్డులు రాసినవాణ్ణి, అలా వదిలేస్తే నాకు నిద్రపట్టదు. మిగిలిన పచ్చరంగు, ఓ సన్న బ్రష్షు తీసిపెట్టు. సాయంత్రం నేనే వేస్తాను.