రెండుసార్లు హారన్

బాపూ, నేను బాగున్నాను, బెంగంతా అమ్మ నడుము గురించే. మన లోయలో ఫోను పలకదు కాబట్టి ఈ కార్డు.

నీ జీపు కుదుపులు అమ్మ ఓర్చుకోలేదు. అందుకే ఆమెను ఇక్కడి డాక్టరుకు చూపించడానికి వచ్చే ఆదివారం నిహారిక కారులో వస్తున్నాం. నాతో లైబ్రరీలో చదువుకునే చిక్కడపల్లి అమ్మాయి. "సాయంత్రం పూట నారాయణగూడ చౌరస్తాలో నడిపేదాన్ని, నాకు మీ మట్టిరోడ్డు ఒక లెక్కా?" అంది. నిన్న అశోక్ నగర్‌లో తవ్విపోసిన గల్లీలో కుక్క అడ్డొస్తే ఒక్కసారిగా బ్రేకు తొక్కింది. కంకర మీద కారు పక్కకు జారి టీ కొట్టు బల్లను తాకింది. కొట్టాయన, "బల్ల మీద ఎవ్వలు లేకపాయె, మంచిదైంది. జర చాయ్ తాగి పో బిడ్డా," అన్నాడు. ఆమె చాయ్ సగం తాగి వదిలేసింది. అప్పటినుంచి "మీ నాన్నగారు పక్కన కూర్చుంటారా?" అని అడుగుతూనే ఉంది.

తారు రోడ్డు ముగిసే చోటికి నువ్వు రావాలి. స్టీరింగ్ మాత్రం తీసుకోకు, చిన్నబుచ్చుకుంటుంది. మలుపు రాకముందే వేగం తగ్గించడం, మూలమలుపులో హారన్ కొట్టి జవాబు కోసం ఆగడం నాకు నేర్పినట్టే నేర్పు. ఇక్కడ అందరూ హారన్ కొడతారు, జవాబు కోసం ఎవరూ ఆగరు.

అమ్మ సీటు మీదికి మెత్తటి బొంత తీసి ఉంచు. ఎర్రావు ఈనిందా? చింత తొక్కు ఉంటే ఒక సీసా కట్టిపెట్టు.

చివరి మలుపులో నీ హారన్ విన్నాకే కదా అమ్మ అన్నానికి ఎసరు పెడుతుంది. ఈ కారుది సన్న గొంతు, పోల్చుకోలేదేమో. రెండుసార్లు కొట్టిస్తాను. వినగానే నలుగురికి ఎసరు పెట్టమను.

మీ ఇద్దరికీ దండాలతో,
శ్రీదివ్య