ఊక పొయ్యి వెలిగింది

మంగళవారం, కోదాడ

ఎక్కడో యుద్ధమట, గ్యాస్ బండ రాక ఎనిమిది రోజులు. కరెంటు పొయ్యి కొందామంటే కోతలు. మా ఆయనకు సైటు పనీ ఆగింది. ఇవాళ టిఫిన్ బండి మూసేద్దామనే అనుకున్నాను.

అత్తమ్మ ఒప్పుకోలేదు. మిర్యాలగూడ మిల్లు నుంచి రెండు బస్తాల ఊక తెప్పించింది. పాత నూనె డబ్బా అడుగు పక్కన రంధ్రం చేసి, అందులో కట్టె దూర్చి, నడుమ రోకలి నిలబెట్టి, చుట్టూ ఊక కూరమంది. నేను కూరి, రోకలిని గబుక్కున పైకి లాగాను. మొత్తం కూలింది!

"గట్ల గుంజుతరా బిడ్డా? జర తిప్పుకుంట తియ్యి."

మళ్ళీ కూరి, రోకలినీ కట్టెనూ తిప్పుతూ తీశాను. నిలిచింది! అంటించగానే నిటారుగా మంట. రెండు వాయిల ఇడ్లీ దించాను. దారిలో టిఫిన్‌కు ఆగిన, సూర్యాపేటలో హోటలున్న ఒకాయన తినడం మానేసి పొయ్యి చుట్టూ తిరిగాడు.

"అక్కా, గిసొంటివి నాలుగు చేసిస్తవా?"

ఆలోచించకుండా ఒప్పేసుకున్నాను! ఇప్పుడేమో గుబులు. రేపు గ్యాస్ వచ్చేస్తే ఇవి ఎవరికి కావాలి? అత్తమ్మను అడిగాను.

"వచ్చినప్పుడు సూద్దాం. ముందు డబ్బాలు సూడు," అంది.

మూడే దొరికాయి. ఇది రాస్తుండగానే వంటింట్లో టంగుమని చప్పుడు. చూస్తే అత్తమ్మ, బియ్యం డబ్బాను చాపమీద కుమ్మరించి, నాలుగోదిగా దానికే రంధ్రం కొడుతోంది.