పక్క గదితో పంతొమ్మిదేళ్లు

జూన్ 22

ఫేర్‌వెల్ ఇద్దరికీ కలిపేనట. హెడ్ వచ్చి చెప్పాడు. చెబుతున్నంతసేపూ నా ముఖం వైపు కాకుండా బల్ల మీది మైక్రోస్కోప్ వైపు చూశాడు. ఒకప్పుడు నా క్లాసులో ఆఖరి బెంచీ మీద నిద్రపోయినవాడే. ఇద్దరి రిటైర్మెంటూ ముప్ఫయ్యో తారీఖునే కదా, హాలు కూడా ఆ ఒక్కరోజే దొరికింది, ఏమీ అనుకోవద్దన్నాడు. ఏమీ అనుకోనన్నాను. అబద్ధం.

నేనూ చేపల సారూ మాట్లాడుకుని పంతొమ్మిదేళ్లు. ఆ పేరు జువాలజీ పిల్లలు పెట్టింది. నేను చీమల మేడమ్‌ని. ఎవరి పరిశోధన వాళ్లకు పేరై కూర్చుంది. మా గదుల మధ్య ఉన్నది ఉత్త ప్లైవుడ్. ఆయన దగ్గు, కుర్చీ కిర్రుమనడం, ఫోన్‌లో కూతురితో మాట్లాడటం అన్నీ వినిపిస్తాయి. ఈమధ్య ఫోన్‌లో మరీ అరుస్తున్నారు.

జూన్ 25

బీరువా ఖాళీ చేస్తున్నాను. సీసాలు మ్యూజియానికి, పుస్తకాలు లైబ్రరీకి. అడుగు అరలో ఆ థీసిస్. తెరవలేదు.

జూన్ 26

తెరిచాను.

మొదటి ఏడాది పట్టిక, రెండో ఏడాది పట్టిక. అంకె అంకెకీ తేడా లేదు. ముందు పేజీలో నా సంతకం.

పంతొమ్మిదేళ్ల కిందట, ఆ థీసిస్ వైవాలో చేపల సార్ అడిగింది ఒకే ప్రశ్న. రెండేళ్లూ చీమలు మాట్లాడుకుని ఒకే లెక్కన పుట్టాయా అని. అందరూ నవ్వారు. నా స్టూడెంట్ మాత్రం, రెండో ఏడాది అసలు కాగితాలు మేడమ్ దగ్గరున్నాయన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. గుర్తులేదన్నాను. నిజంగానే గుర్తులేదు.

వారం తర్వాత దొరికాయి. టైపిస్టుకి మొదటి ఏడాది కాగితాలే రెండుసార్లు పంపింది నేను. చూడకుండా సంతకం పెట్టిందీ నేనే. అప్పటికే అతను కాపీ కొట్టాడన్న పేరు మోసుకుని హాస్టల్ ఖాళీ చేశాడు. వెళ్లి ఆ ముక్క చెబితే అర నిమిషం పని. చెప్పలేదు. చేపల సార్ కక్షకొద్దీ కుర్రాడి బతుకు పాడుచేశారని కనపడ్డవాళ్లందరికీ చెప్పాను. చెప్పగా చెప్పగా నేనూ నమ్మాను.

జూన్ 30, సాయంత్రం 7

అయిపోయింది.

ఒకే సోఫా. మధ్యలో నా హ్యాండ్‌బ్యాగ్. ఇద్దరికీ ఒకేరకం గోడ గడియారాలు ఇచ్చారు, రెండూ రెండు టైములు చూపిస్తున్నాయి. వైస్ ఛాన్సలర్ తన ప్రసంగంలో నన్ను చేపల నిపుణురాలిని చేశారు. ఎవరూ సరిదిద్దలేదు. నేనూ ఊరుకున్నాను.

చేపల సార్ రెండు నిమిషాలే మాట్లాడారు. చివర్లో నా వైపు చూడకుండా అన్నారు: "పక్క గదిలో లైటు వెలుగుతుంటే నాకు ఇంటికి వెళ్లబుద్ధయ్యేది కాదు. పోటీ అనుకోండి, తోడనుకోండి."

చప్పట్లు కొట్టారు. నా వంతొచ్చింది. లైబ్రరీకి థాంక్స్ చెప్పాను, ల్యాబ్ అసిస్టెంట్‌కి చెప్పాను, ఆఖరికి లిఫ్ట్‌కి కూడా చెప్పి నవ్వించాను. ఆయన ఊసు ఎత్తలేదు.

పది నిమిషాల్లో హాలు ఖాళీ. బొకే ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాను. పక్క సీటావిడ పెళ్లికి వెళ్లొస్తున్నారా అని అడిగింది. అవునన్నాను.

జూలై 1

లేచి, తయారై, చెప్పులు వేసుకుని, తాళం తీసుకున్నాక గుర్తొచ్చింది.

జూలై 5

తమ్ముడు ఫోన్ చేశాడు. ముప్ఫయ్యారేళ్లు గొడ్డుచాకిరీ చేశావు, ఇక కాలు మీద కాలేసుకుని కూర్చో అక్కా అన్నాడు. మరదలు ఫోన్ అందుకుని కొన్నాళ్లు వచ్చి ఉండమంది, పిల్లల పరీక్షలయ్యాక. ఆ పిల్లలకు ఎప్పుడూ పరీక్షలే.

ఈ ఇంటి గోడలు ఇటుకవి. ఒక్క దగ్గు కూడా వినపడదు.

నిన్న నా మాట ఎలా ఉందో చూసుకుందామని పేపర్లో హెడ్‌లైన్ పైకి చదివాను. గొంతు బొంగురుపోయి ఉంది.

జూలై 9

డిపార్ట్‌మెంట్ క్లర్క్‌కి ఫోన్ చేసి చేపల సార్ నంబర్ అడిగాను. ఎవరి నంబర్ మేడమ్ అని రెండుసార్లు అడిగాడు.

జూలై 10, ఉదయం 11

చేశాను.

నేనెవరో చెప్పాను. వినపడలేదన్నారు. గట్టిగా చెప్పాను. చెవులు దెబ్బతిని రెండేళ్లయిందట, మిషన్ పెట్టుకుంటే కీచుమంటుందట. ఇన్నేళ్లూ గొంతులో దాచుకున్నది గుసగుసగా చెప్పాలనుకుంటే అరవాల్సి వచ్చింది. తప్పు ఆ అబ్బాయిది కాదు, నాది అని మూడుసార్లు అరిచాను. కింది వాటా ఆవిడ మెట్లెక్కి వచ్చి, ఏమైనా కావాలా అని సైగ చేసి వెళ్లింది.

అవతల ఒక దగ్గు వినిపించింది.

"తెలుసండీ," అన్నారు. "ఆ వారమంతా మీరు బీరువా వెతుకుతూనే ఉన్నారు. ఒకరోజు చప్పుడు టక్కున ఆగిపోయింది. దొరికాయి అనుకున్నాను. మీరొచ్చి చెబుతారని ఓ ఏడాది చూశాను. తర్వాత మాట్లాడే అలవాటే పోయింది."

క్షమించమని అడిగాను. వినపడలేదో, వినదలచుకోలేదో.

"అతనికి చెప్పారా?" అన్నారు.

లేదన్నాను. ఇది మాత్రం మెల్లగానే అన్నాను, అయినా వినపడింది.

అతను హైస్కూల్లో సైన్స్ చెబుతున్నాడట. ఆ ఉద్యోగానికి సిఫారసు రాసింది ఈయనే. అడ్రస్ ఒక్కో అక్షరం విడమరిచి చెప్పారు. ఇక ఉంటానన్నారు.

జూలై 13

నాలుగుసార్లు రాశాను. మొదటి మూడింటిలో కారణాలు ఎక్కువైపోయాయి. నాలుగోది తొమ్మిది లైన్లు. పాత కాగితాలు జతచేశాను. పోస్ట్ చేసి, డబ్బా లోపల పడిన చప్పుడు విని వచ్చాను.

జూలై 21

పోస్ట్ లేదు.

జూలై 28

లేదు. చేపల సార్‌కి ఫోన్ చేద్దామనుకున్నాను. ఏం చెప్పాలో తెలియక మానేశాను.

ఆగస్టు 3

వచ్చింది. కవర్లో ఒకే కాగితం, రెండు వాక్యాలు.

"ఉత్తరం అందింది మేడమ్. మా అమ్మ ఉన్నప్పుడు వచ్చుంటే బాగుండేది."

కాగితం తిప్పి చూశాను. అటువైపు ఏమీ లేదు.