తిరిగొచ్చే నడక

షేక్‌పేట,
ఆదివారం

అమ్మా,
నేను బాగున్నాను. ఫోన్లో నీకు వినపడదు, తమ్ముడితో చెబితే సగమే చెబుతాడు, అందుకే ఈ కార్డు.

ఇన్నేళ్లు ఇతరుల సినిమాలకు టైటిళ్లు, ప్రకటనలకు బొమ్మలు, హోటళ్ల గోడలకు రంగులు వేశాను. ఇప్పుడు నా సొంత బొమ్మల సినిమా తీస్తున్నాను. అందులో నువ్వు గంప నెత్తిన పెట్టుకొని పొలానికి సద్ది తీసుకుపోతావు. తిరిగొచ్చే నడకకు, పని తగ్గుతుందని, పోయేటప్పటి బొమ్మలనే అద్దంలోలా తిప్పి వాడాను. నిన్న ఫిలింనగర్‌లో పదిమందికి చూపిస్తే ఎవరూ తప్పు పట్టలేదు. ఆఫీసు ఊడ్చే బాలమణి మాత్రం, "ఏందమ్మా, పోయేటప్పుడు ఎడమ భుజం మీదున్న కొంగు వచ్చేటప్పుడు కుడి భుజం మీదికెట్ల వచ్చింది? పొలంల చీర మళ్ల కట్టుకున్నదా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వచ్చే నెలాఖరుకు పోటీకి పంపాలి. రెండు వందల బొమ్మలు మళ్ళీ గీయాలి కాబట్టి బోనాలకు రాలేను. బోరు మోటారు బాగుచేయించారా? తిరిగొచ్చేటప్పుడు ఖాళీ గంప నెత్తినే ఉంటుందా, చంకలో పెట్టుకుంటావా? రోజూ చూసినదాన్నే, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. వెంటనే రాయి. నీ జవాబు అందేదాకా ఆ నడక మొదలుపెట్టను.

పెద్దనాయనకు దండాలు.
స్ఫూర్తి