చేను దారిలో ముళ్లకంప

మస్తానన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున్నే సైకిలేసుకుని, గుత్తి కొండ వెనక మనిద్దరం తిరిగిన కంకర బాటలోనే వెళ్లాను. గొర్రెలు రాకుండా ఓబులప్ప తాత తన చేను దారికి అడ్డంగా పెట్టే ముళ్లకంప అలాగే ఉంది. నువ్వెప్పుడూ దిగి కంప పక్కకు లాగి, సైకిళ్లు దాటాక మళ్లీ మూసేవాడివి. ఆ ఒక్కరోజు వెనక వచ్చింది నేను. తొందరలో మూయకుండా వచ్చేశాను. గొర్రెలు పడి శనక్కాయ చేనంతా మేసేశాయి.

మరుసటి వారం తాత నిన్ను పట్టుకుని తిడుతుంటే, నువ్వు నావైపు చూడనైనా చూడలేదు. "తప్పయింది తాతా" అన్నావు. నేను చైను సరిచేసుకుంటున్నట్టు వంగే ఉన్నాను.

ఈరోజు కంప మూస్తుంటే తాత చూశాడు.

"నీ మాదిరి ఉండల్లప్పా. ఆ సాయిబు తెరిచిపెట్టి పోయి నా చేను గొర్రెలపాలు చేసినాడు. యాడుండాడిప్పుడు?"

"చనిపోయినాడు తాతా" అన్నాను. వంగి కంపను ఇంకాస్త దగ్గరికి లాగాను.

తాత చేలోకి వెళ్లొచ్చి, నా జేబులో గుప్పెడు పచ్చి శనక్కాయలు పోశాడు. ఇల్లు చేరి చాలాసేపైంది. వాటిని ఒలవడానికి చెయ్యి రావడం లేదన్నా.