దేవి చెప్పేస్తానంటోంది

జూలై 3
అన్నం ముందు దేవి కళ్లు మూసుకుంది. పదేళ్ల పిల్ల. పెదాలు కదులుతున్నాయి. కంచం లాగేశాను. "ఏటే అది?" అంటే, "యేసయ్యకి సెప్తన్నానమ్మా" అంది. మెల్లగా, నాకు రాని పాఠం నాకు చెబుతున్నట్టు.
ప్రార్థనలకు పోయే శాంతమ్మ పనే ఇది. ఎండుచేపలు తిరగేయడానికి సాయమని సెలవులంతా పిల్లను ఆవిడింటికి పంపాను. నాదే బుద్ధి తక్కువ. మా ఆయన విశాఖ బోటు మీద ఉన్నాడు. వచ్చేలోపు దీన్ని దారికి తేవాలి.

జూలై 4
శాంతమ్మ వాకిట్లో నిలబడి అడిగేశాను. "నా పిల్లకి ఏటి మందెట్టినావు?"
ఆమె పని ఆపలేదు. "నానేటీ సెప్పనేదమ్మా. నాను పాట పాడుకుంతంటే పక్కన కూకునేది. ఒకనాడు ఏడ్సింది. ఎందుకే అంటే సెప్పనేదు."
ఎందుకు ఏడ్చిందో నాకు తెలుసు. అయినా తిడుతూనే ఇంటికి వచ్చాను.

జూలై 6
ఎక్కడో ఒకచోట రాయాలి. పోయిన దీపావళికి ఒడ్డున పాకలో మా బావగారి వలలు కాలిపోయాయి. అక్కడ చిచ్చుబుడ్డి వెలిగించింది దేవి. చూసింది నేనొక్కదాన్నే. నేరం మాత్రం ఆ పాక దగ్గర బీడీ కాల్చుకునే దానేలు మీదికి పోయింది — శాంతమ్మ కొడుకు. మా ఆయన వాణ్ణి ఊరందరి ముందు చెప్పుతో కొట్టాడు. ఆ తర్వాత ఎవరూ పడవ ఎక్కనివ్వలేదు. వాడు గుజరాత్ పోయాడు. తల్లికి ఫోన్ కూడా చేయడట.
నేను నోరు విప్పలేదు. దేవి నోరూ నేనే మూశాను. "నువ్వు సూడ్నేదు, నాను సూడ్నేదు." ఎన్నిసార్లు అనిపించానో.

జూలై 9
"అమ్మా, యేసయ్య నన్ను క్షమించేసినాడు. మరి శాంతమ్మత్తకి సెప్పాలి కదా."
చెంప మీద కొట్టాను. "క్షమించేసినాడు కదా, ఇంకేటి? నోర్ముయ్."
"ఆయనకి సెప్తే సరిపోదమ్మా."
ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

జూలై 10
అరసవల్లి గుడికి తీసుకెళ్లాను. దండం పెట్టమంటే పెట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో దాని మొహం చూడలేదు.
ఆ యేసయ్యంటే పళ్లు కొరికేంత కోపం నాకు. తొమ్మిది నెలలు మోసింది ఆయనా? నా పిల్లను నేను కాపాడుకుంటే, ఆయన దాన్ని నలుగురిలో నిలబెడతాడా?

జూలై 12
బడి, ఇల్లు. ఇంకెక్కడికీ వెళ్లకూడదని చెప్పాను. తలూపింది. ఆ తలూపుడు నేను నమ్మను.

జూలై 14
చెప్పేసింది.
నేను పనిచేసే అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం పెడుతున్నాను. బడి మధ్యలో వచ్చి పక్కన నిలబడింది. "శాంతమ్మత్తకి సెప్పేసినానమ్మా."
"ఏటంది?"
"సేతిలో బుట్ట కింద పడేసింది. మళ్లీ నా గుమ్మం తొక్కకు అంది. తలుపేసేసింది."
నవ్వాను. సిగ్గు లేకుండా నవ్వాను. "సూసినావా, ఆల్ల క్షమ?"
"ఆమెకి కోపం రాదేటమ్మా, కొడుకు కదా" అంది.

జూలై 15
ఇక పీడ వదిలింది అనుకున్నాను. ఆ పాటలు లేవు, శాంతమ్మ లేదు. పొద్దున్న పెరట్లోకి వెళ్తే అక్కడ కూర్చుని ఉంది, కళ్లు మూసుకుని. ఒక్కతే. నేర్పేవాళ్లు లేరు, రమ్మనేవాళ్లు లేరు. వెనక నిలబడి విన్నాను. దానేలు పేరు చెప్పింది. తర్వాత నా పేరు.
చీపురు విసిరేసి లోపలికి వచ్చేశాను. నా పేరెందుకు? ఎవరడిగారు దాన్ని?

జూలై 17
మూడు రోజులైంది. శాంతమ్మ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. కుళాయి దగ్గర ఎదురైతే తల తిప్పుకుంటుంది. వచ్చి జుట్టు పట్టుకుని తిట్టినా పోయేది.

జూలై 18
మా ఆయన శ్రీకాకుళంలో దిగాడట, ఫోన్ చేశాడు. బస్సు దొరికితే గంటలో ఇంట్లో ఉంటాడు.
దేవి అడిగింది — "నాన్నకి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంతావా?"
"సెప్తే ఏటవుద్దో తెలుసా నీకు?"
"తెలుసు. కొడతాడు." దువ్వెన అందుకుని, "దానేలన్నని కొట్టినాడు కదా. నాన్నే ఫోన్ సేసి పిలవాలి అన్నని."
బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, ఇది రాస్తున్నాను. అది తల దువ్వుకుని, గుమ్మంలో కూర్చుని, నా జవాబు కోసం నా వైపే చూస్తోంది.