తాళం పడిందో లేదో దిగి చూసుకోనివ్వండి

డ్రైవింగు పరీక్షాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ట్రైలరు తగిలించిన కారు నడిపే పరీక్షలో రెండుసార్లు తప్పిన అభ్యర్థినికి, పొద్దుతిరుగుడు పూలు అయిపోయేలోగా మూడో పరీక్ష జరిపించుట గురించి, అందులో ఎన్నిసార్లయినా దిగి చూసుకొనుటకు అనుమతి గురించి.

నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వయస్సు పంతొమ్మిది. మా అమ్మ తేనెటీగలు పెంచుతుంది. ఈ క్రింది సంగతులు తమ దృష్టికి తెచ్చుటకు సాహసించుచున్నాను.

1. మాకు ఇరవై నాలుగు తేనె పెట్టెలు ఉన్నవి. ప్రస్తుతం అవి ఒక పొద్దుతిరుగుడు చేను గట్టున ఉన్నవి. ఆ పూలు ఇంకో పన్నెండు రోజులు మాత్రమే ఉంటాయి. ఆలోగా పెట్టెలను నలభై కిలోమీటర్ల అవతల పూతకు వచ్చిన చేలకు చేర్చకపోతే ఈగలు ఆకలితో చస్తాయి. అమ్మకు కారు నడపడం రాదు. అద్దె వ్యాను అతన్ని అడిగాము. "బీరువా ఎక్కించుకుంటా, మంచం ఎక్కించుకుంటా, కావాలంటే మీ అత్తగారిని కూడా ఎక్కించుకుంటా గానీ, ఈగల్ని మాత్రం నా బండి ఎక్కనివ్వనమ్మా" అన్నాడు. తమ కార్యాలయం నాకు ఇచ్చిన తేదీ యాభై రోజుల తరువాత ఉన్నది.

2. నాకు నడపడం రాదని తమరు తలచవద్దని ప్రార్థన. నాకు నేర్పినవారిని అందరూ గేరు బాబాయ్ అంటారు. ఇన్నాళ్ళూ మా పెట్టెలు చేర్చింది ఆయనే; చూపు తగ్గి ఇప్పుడు బండి తీయడం లేదు. ట్రైలరును వెనక్కి నడిపేటప్పుడు స్టీరింగు చక్రాన్ని అడుగుభాగంలో పట్టుకోవాలనీ, ట్రైలరు ఎటు పోవాలో చెయ్యి అటే జరపాలనీ ఆయన చెప్పారు. నెల రోజులు అన్నం పళ్ళేన్నే స్టీరింగులా పట్టుకుని తిప్పుతూ ఇంట్లో వెనక్కి నడిచాను. బరువు ఇరుసుకు కాస్త ముందుగా ఉండేలా సర్దడం వచ్చును. దారిలో ట్రైలరు తోకలా ఊగడం మొదలుపెడితే ఏం చేయాలో కూడా వచ్చును. "కంగారుపడి బ్రేకు తొక్కావో, అది నిన్నే ఈడ్చేస్తుంది. చక్రం తిన్నగా పట్టుకో, కాలు మెల్లగా పైకి తియ్యి, అదే సర్దుకుంటుంది" అనేవారు బాబాయ్. రెండు పరీక్షల్లోనూ వెనక్కి నడపడంలో తమరు నాకు పూర్తి మార్కులు వేశారు.

3. తప్పినట్లు ఇచ్చిన రెండు కాగితాల మీదా "బండి కదుపుటలో అకారణ జాప్యం" అని ఉన్నది. జాప్యం నిజమే. మొదటి పరీక్షలో నాలుగుసార్లు, రెండో పరీక్షలో ఆరుసార్లు కారు దిగి వెనక్కి వెళ్ళి వచ్చాను. ఆరోసారి తమరు, "ఏమ్మా, వెనకాల ఏమైనా పారేసుకున్నావా?" అని అడిగారు. లేదు సార్ అన్నాను. ఆ జవాబు సరైనది కాదని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను.

4. కారణం ఉన్నది. దీన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అర్జీలో కారణములు చూపవలెనని ఉన్నందున చూపుచున్నాను.

ట్రైలరు ముక్కు కారు వెనకనున్న ఉక్కు గుండు మీద కూర్చుంటుందనీ, పైనున్న పిడిని నొక్కితే టక్కుమని తాళం పడుతుందనీ తమకు తెలియనిది కాదు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నాన్న పిడి నొక్కి వెళ్ళి కార్లో కూర్చునేవాడు. నేను వెనక నిలబడేదాన్ని. "అమ్మడూ, పడిందా?" అని అడిగేవాడు. నేను పిడిని పట్టుకు లాగి, అది పైకి రాకపోతే, "పడింది నాన్నా!" అని అరిచేదాన్ని. ఆ మాట వినపడితే గానీ బండి కదిలేది కాదు. నాకప్పుడు పదకొండేళ్ళు. ఆ పని నాదని బళ్ళో కూడా చెప్పుకునేదాన్ని.

ఒక ఉదయం నాన్న అడిగాడు. నేను బోర్లించిన ఖాళీ పెట్టె మీద కూర్చుని కథల పుస్తకం చదువుతున్నాను. ఇంకో పేజీన్నర ఉంది. లేవలేదు. తల ఎత్తలేదు. "పడింది నాన్నా!" అన్నాను.

దిగుడు మలుపులో ట్రైలరు గుండు మీంచి లేచిపోయింది. ఊడినా విడిపోకుండా కారుకు తగిలించిన గొలుసు కూడా తెగింది. ట్రైలరు రోడ్డుకు అడ్డంగా ఆగింది. నాన్నకు అప్పటికి గీత కూడా పడలేదు. ఆయన కారు ఆపి, దిగి, దాన్ని పక్కకు నెట్టడానికి వెనక్కి నడిచాడు. మలుపు అవతల నుంచి లారీ వచ్చింది.

పగిలిన పెట్టెల ఈగలు రెండు రోజులు ఆ మలుపులోనే తిరిగాయట. ప్రమాద నివేదికలో "బయలుదేరుటకు ముందు తాళమును తనిఖీ చేయని డ్రైవరు" అని రాశారు. ఎనిమిదేళ్ళుగా ఆ వాక్యం మా నాన్న మీద ఉన్నది. అది ఎవరి మీద ఉండవలసినదో ఆ నివేదిక రాసినవారికి తెలియదు.

5. నేను కార్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, అద్దాలు సరిచేసుకున్నాక, వెనక నుంచి "పడింది నాన్నా!" అని వినపడుతుంది. నాన్న గొంతు అయితే భయపడేదాన్ని కాదేమో. అది పదకొండేళ్ళ నా గొంతు. చాలా ఉత్సాహంగా ఉంటుంది. దాని మాట నమ్మడం నావల్ల కాదు. అందుకని దిగుతాను. పిడి లాగి చూస్తాను. తాళం పడే ఉంటుంది. వచ్చి కూర్చుంటాను. మళ్ళీ వినపడుతుంది. గేరు బాబాయ్‌కి ఇదేమీ తెలియక, "దిగినంతసేపట్లో ఈగలు నడుచుకుంటూ పోయినా చేను చేరేవి" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

6. పరీక్షా నియమావళిని మూడుసార్లు చదివాను. బయలుదేరే ముందు తాళం చూడవలెనని అందులో ఉన్నది. ఎన్నిసార్లకు మించి చూడరాదో ఎక్కడా లేదు.

కావున, పైవన్నీ సావధానంగా చిత్తగించి, పన్నెండు రోజులలోగా నాకు మూడో పరీక్ష జరిపించవలెననియు, నేను దిగి చూసుకునే సమయాన్ని జాప్యం కింద లెక్కించవద్దనియు కోరుచున్నాను. దిగడం ఎప్పటికైనా తగ్గుతుందని హామీ ఇవ్వలేను. చూడకుండా బండి మాత్రం కదపనని హామీ ఇవ్వగలను.

తమ విధేయురాలు,
రెండుసార్లు తప్పిన అభ్యర్థిని

తాజా కలం: ఈ అర్జీని బల్ల మీద పెట్టి కాలేజీకి వెళ్ళాను. వచ్చేసరికి అమ్మ చదివేసింది. ఈగలకు పొగ పెట్టే గొట్టం ఇంకా చేతిలోనే ఉంది. కాగితాలు మడిచి నా చేతిలో పెట్టింది. తరువాత అన్నది:

"పిచ్చి మొహమా, మీ నాన్న నీ మాట మీద బండి తీసే మనిషా? నిన్ను అడిగే ముందే తనే లాగి చూసుకునేవాడు. పిల్లకీ ఒక పని ఉండాలని అడిగేవాడు, అంతే. ఆ రోజూ చూసుకున్నాడు. నేనిక్కడే ఉన్నా, నా కళ్ళతో చూశా."

ఆ రోజు అమ్మ ఇక్కడ లేదు. పెద్దమ్మకు ఆపరేషనైతే నాలుగు రోజుల ముందే వెళ్ళి ఆసుపత్రిలో ఉంది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా "అవునా అమ్మా" అన్నాను.

పరీక్షా స్థలంలోకి ఇతరులను రానివ్వరని చెబితే, గేటు బయట నుంచుని తనే "పడింది" అని అరుస్తానంటోంది. వద్దన్నా వినదు. గేటు దగ్గర ఆడమనిషి ఎవరైనా అరిస్తే కావలి మనిషి గదమాయించకుండా చూడగలరు.

ఆవిడ అరిచినా సరే, నేను దిగి చూస్తాను.